శ్రీపాలన్నను విడుదల చెయ్యాలె

ఆ శుక్రవారానికి శ్రీపాల్ రెడ్డి వేసుకున్న పథకం చాలా చిన్నది. భార్యను తీసుకుని ఎవరికీ తెలియకుండా వైజాగ్ వెళ్లడం, సముద్రం చూపించడం, ఎవరికీ తెలియకుండా తిరిగి రావడం. మామూలు మనిషికైతే ఇందులో దాచవలసిందేమీ లేదు. కానీ శ్రీపాల్ రెడ్డి దంతాలపల్లి జేఏసీ కన్వీనరు. రాష్ట్రం కోసం ఊరూరా దీక్షలు నడుస్తున్న 2011 వేసవిలో, బస్టాండు ముందు టెంటు కింద నిలబడి, ఊరందరి చేతా కుడిచెయ్యి చాపించి ప్రమాణం చేయించినవాడు. తెలంగాణ వచ్చేదాకా పోరాటం ఆపం, ఆంధ్ర గడ్డ మీద కాలు పెట్టం అని. ఈ రెండో ముక్క పైనుంచి ఎవరూ పంపలేదు. చప్పట్లు ఎక్కువ పడతాయని ఆయనే సొంతంగా కలిపాడు. ఆ చప్పట్ల పుణ్యాన పక్కింటి రాజమణి అన్నవరం మొక్కు మానుకుని ఇంట్లో కూర్చుంది.

ఆయనకు ఉద్యమం మీద ప్రేమ లేదనలేం. ఉంది. సర్పంచు కుర్చీ మీద అంతకు పదింతలు ఉంది. ఎన్నికలు ఎప్పుడొచ్చినా కన్వీనర్ గారే సర్పంచు అని ఊళ్లో అప్పటికే మాట పుట్టింది. పుట్టించింది కూడా ఆయనే. అందుకని రోజూ ఇస్త్రీ నలగని తెల్లచొక్కాలో టెంటుకు వెళ్లి, దీక్షలో కూర్చున్నవాళ్లకు దండలు వేసి, ఫోటో దిగి, ఇంటికొచ్చి రెండు కూరలతో భోంచేసేవాడు.

చిక్కు అహల్యతో వచ్చింది. సముద్రం చూపిస్తానని పెళ్లైన కొత్తలో ఆమెకు మాటిచ్చాడు. ఇరవై రెండేళ్లు గడిచాయి.

"ఈ ఎండకాలం గూడ తీస్కపోకుంటే నేనే పోయి టెంటు కింద గూసుంట. నా మొగడు మాట తప్పిండని బోర్డు రాయిస్త" అంది అహల్య.

"గిప్పుడా? ఉద్యమం నడుస్తున్నది గదనే."

"సముద్రం ఏ పార్టీల ఉన్నది? అయినా గా ప్రమాణం నువ్వు చేయించినవ్, నేను చెయ్యలే. గా పొద్దు నేను ఇంట్ల మిరపకాయలు ఎండబోస్తున్న."

ఈ బోర్డు బెదిరింపుకు కన్వీనరు లొంగిపోయాడు. గురువారం సాయంత్రం టెంటు కింద మైకు పట్టుకుని గొంతు తగ్గించి మాట్లాడాడు. "హైదరాబాదుల రాష్ట్ర మీటింగు ఉన్నది. నాలుగు రోజులు రాను. ఫోన్లు ట్యాపింగ్ చేస్తున్నరు, నాది బంద్ పెడ్త. పోలీసోళ్ల కన్ను నా మీదున్నది. రేపు నాకేమన్న అయితే మీరు మాత్రం ఆగద్దు." ఇంత అవసరం లేదు. మీటింగు అని చెప్పి ఊరుకుంటే సరిపోయేది. కానీ మైకు చేతిలో ఉన్నప్పుడు ఊరుకోవడం ఆయన జాతకంలో లేదు. కో-కన్వీనర్ వెంకట్, ప్రైవేటు బడిలో లెక్కల సారు, ఎదుటి మనిషి చెప్పింది చెప్పినట్టు నమ్మే అమాయకుడు, కళ్లు తుడుచుకున్నాడు.

మర్నాడు ఇంకా తెల్లవారకముందే ఒక తెల్లకారు వచ్చి ఇంటిముందు ఆగింది. దగ్గర్లోని మానుకోట రైల్వేస్టేషన్లో తెలిసినవాళ్లు తగులుతారని, డోర్నకల్ దాకా వెళ్లి రైలెక్కడానికి మాట్లాడుకున్న కారు అది. శ్రీపాల్ రెడ్డి తలకు తువ్వాల చుట్టుకుని, నడుం వంచి, కారులో దూరాడు. వెనకే అహల్య ముఖానికి కొంగు కప్పుకుని ఎక్కింది. పక్కింటి వాకిట్లో అలుకు చల్లుతున్న రాజమణి చేతిలో చెంబు అలాగే ఉండిపోయింది.

వైజాగ్‌లో శ్రీపాల్ రెడ్డి పూర్తిగా వేరే మనిషి. మన యాసే మన ఆత్మగౌరవమని టెంటు కింద గొంతు చించుకునేవాడు, స్టేషన్ బయటికి రాగానే ఆటో అతనితో "ఏవండీ, బీచికి ఎంత తీసుకుంటారండీ?" అన్నాడు. అహల్య కొంగు నోట్లో కుక్కుకుని నవ్వింది. ఆమె మాత్రం "గీ కంకి ఎంతకిస్తవ్ తమ్మీ?" అని తన మాటే మాట్లాడింది. కంకులతను ఏమీ అనుకోకుండా లేతది ఏరి కాల్చి ఇచ్చాడు.

రామకృష్ణా బీచిలో ఆమె మోకాళ్లలోతు దిగి, అల వెనక్కి పోతూ కాళ్ల కింది ఇసుకను లాగేస్తుంటే చిన్నపిల్లలా కేక పెట్టింది. కాసేపు ఏడ్చింది కూడా, సంతోషంతో. ఆయన మాత్రం తెలిసినవాళ్లు ఎవరైనా వస్తున్నారేమోనని సముద్రానికి వీపు పెట్టి ఒడ్డును కాపలా కాస్తున్నాడు. వెనక నుంచి ఒక పెద్ద అల వచ్చి ఆయన్ని బోర్లా పడేసి, నాలుగు గుక్కల ఉప్పునీళ్లు తాగించి వదిలింది. మర్నాడు ఒడ్డున నిలిపి ఉంచిన జలాంతర్గామి చూడబోయి, లోపలి ఇరుకులో ఇనుప గొట్టానికి నుదురు కొట్టుకున్నాడు. కైలాసగిరి రోప్‌వేలో ఎక్కిన దగ్గర్నుంచి దిగేదాకా కళ్లు తెరవలేదు. బొర్రా గుహల్లో జారి మోకాలు చెక్కుకుపోయింది. ఎండకు ముఖం కమిలింది. తెచ్చుకున్న తెల్లచొక్కాలు రెండూ బురదపాలు కాగా, మిగిలింది అహల్య కొనిపెట్టిన 'ఐ లవ్ వైజాగ్' బనీను ఒక్కటే. దాని మీద ఎగురుతున్న డాల్ఫిను.

ఇక్కడ ఊళ్లో శనివారం నాటికి వెంకట్ నలభైసార్లు ఫోన్ చేశాడు. స్విచాఫ్. హైదరాబాదు ఆఫీసుకు చేస్తే, మీటింగేమీ లేదన్నారు. ఇంటికి వెళ్తే తాళం.

"నేను చూసిన సారూ" అంది రాజమణి. "తెల్లకారు. అన్నను మెడలు వంచి లోపలికి నూకిండ్రు. మూతికి బట్ట గట్టిండ్రు. అహల్యక్క ముఖం దాసుకొని ఏడ్సుకుంట ఎక్కింది."

నాయకుల్ని ముందస్తుగా ఎత్తుకుపోయి ఏదో ఒక పోలీస్ స్టేషన్లో కూర్చోబెట్టడం ఆ రోజుల్లో మామూలే. వెంకట్ పదిమందితో స్టేషన్‌కు వెళ్లాడు. "మేం ఎవర్నీ తేలేదు" అన్నాడు ఎస్సై. తెచ్చామని ఒప్పుకుంటే మామూలు అరెస్టు. తేలేదంటే రహస్య అరెస్టేనని వెంకట్ తేల్చుకున్నాడు. ఆదివారం ఊరు బంద్. ఊరంతా శ్రీపాల్ రెడ్డి ఫోటోతో కరపత్రాలు, బ్యానరు. చుట్టుపక్కల తండాలకు కబురు వెళ్లింది. తండా ఆడవాళ్లందరికీ పెద్దదిక్కైన గోరీ అనే ఆవిడ వంట గంజులు, బియ్యం, కట్టెలు ట్రాక్టరుకు ఎత్తించింది. సోమవారం పొద్దున మానుకోటలో రైల్ రోకో. పట్టాల పక్కనే వంటావార్పు. మూడు వందల మంది పట్టాల మీద కూర్చుని మొదట వచ్చిన రైలును ఆపేశారు. ఆ రైలు వైజాగ్ నుంచి వస్తున్నది.

ఎస్-సెవెన్ బోగీ కిటికీలోంచి శ్రీపాల్ రెడ్డికి మొదట తన ఫోటో కనిపించింది. తర్వాత నినాదం వినిపించింది. "అక్రమంగ నిర్బంధించిన శ్రీపాలన్నను విడుదల చెయ్యాలె!" తిరుగు ప్రయాణంలో డోర్నకల్‌లో దిగాలన్న సంగతి నిద్రమత్తులో ఇద్దరూ మరిచిపోయారు.

"ఎవడండీ ఈ శ్రీపాలు?" అన్నాడు ఎదుటి సీటు పెద్దమనిషి విసుగ్గా.

"ఎవడో పనిలేనోడండీ" అన్నాడు శ్రీపాల్ రెడ్డి.

అహల్య సంచి సర్దుకుంది. "దిగుదాం పా. సముద్రం చూడవోయినమని చెప్పుదాం. మనుషులు తింటరా ఏంది?"

"చెప్తే నా సర్పంచు గతేంది? పరేషాన్ చెయ్యకు. నువ్వు రైల్లనే ఉండు, వరంగల్‌ల దిగి బస్సుకు రా."

బనీను తిరగేసి తొడుక్కుని, అవతలి తలుపు గుండా కంకర మీదికి దూకాడు. మోకాలు మళ్లీ పగిలింది. కుంటుకుంటూ రైలు చుట్టూ తిరిగి, ఇంజను ముందు నుంచి జనంలోకి వచ్చాడు. కమిలిన ముఖం, నుదుటి మీద బొప్పి, నెత్తురోడుతున్న మోకాలు. ఒక్క క్షణం ఎవరూ గుర్తుపట్టలేదు. తర్వాత వెంకట్ "అన్నా!" అని పరుగెత్తుకొచ్చి కాళ్ల మీద పడ్డాడు. "ఎంత గొట్టిండ్రే నిన్ను!"

అప్పుడైనా నోరు మూసుకుని ఇంటికి పోవచ్చు. ఎవరో మైకు చేతికిచ్చారు.

"ఏం జెప్పాలె తమ్మీ" అని మొదలుపెట్టాడు కన్వీనరు. అబద్ధం ఆడటానికైనా కొంత ఊహ కావాలి. ఆయన దగ్గర అదీ లేదు. చూసొచ్చినవే చెప్పుకుంటూ పోయాడు. "ఒక ఇనుప గొట్టం లాంటి జైల్ల ఏసిండ్రు. నిలువు నిలబడ రాదు, మంచాలు ఒకదాని మీద ఒకటి. తలకాయ ఇనుముకేసి గొట్టిండ్రు. ఆడికెల్లి చీకటి గుహల దింపిండ్రు. పైకెల్లి నీళ్లు కారుతయి, గబ్బిలాలు. ఇంక గుట్ట మీద తీగెకు ఏలాడదీసిండ్రు, కింద సూస్తే లోయ. ఆఖరికి ఉప్పునీళ్లల్ల ముంచిండ్రు. అయినా జై తెలంగాణ అన్న!"

ఆడవాళ్లు కళ్లొత్తుకున్నారు. విలేకరులు రాసుకున్నారు. గోరీ పక్కన కట్టెలు ఎగదోస్తున్న ఆమె భర్త హీర్యా మాత్రం లేచి నిలబడి, చెయ్యి తుడుచుకున్నాడు. తండాలో పని దొరక్క ఏడేళ్లు బయట మేస్త్రీ పని చేసి వచ్చిన మనిషి.

"అన్నా, గా ఇనుప జైలు సముద్రం ఒడ్డున ఉంటది గదా? ఎదురుంగ ముంత మసాలా బండ్లుంటయి?"

శ్రీపాల్ రెడ్డి తెలివి ఆ క్షణంలో పనిచేయలేదు. "అవు" అన్నాడు.

"దాని పక్క గోడ నేనే గట్టిన వైజాగుల" అన్నాడు హీర్యా. "గా జైలుకు టికెట్టుంటది. పిల్లలకు సగం. సోమవారం బంద్. తీగెకు ఏలాడదీసుడు గూడ నాకెరుకే. దానికి లైన్ల నిలబడాలె."

మూడు వందల మందీ కన్వీనరు వైపు తిరిగారు. అప్పుడే ఎస్-సెవెన్ తలుపు దగ్గర అహల్య కనిపించింది. వరంగల్ దాకా పోవడం ఆమెకు ఇష్టం లేకపోయింది. మెడలో గవ్వల దండ, చేతిలో శంఖాల సంచి. మెల్లగా దిగి వచ్చింది.

"అక్కా, నిన్ను గూడ గొట్టిండ్రా?" అన్నాడు వెంకట్, ఇంకా ఆశ చావక.

"నన్నెవలు గొడ్తరు? సముద్రం చూడవోయినం. మస్తున్నది. మా ఆయన నీళ్లల్ల పడ్డడు."

గోరీ నవ్వింది మొదట. తర్వాత తండా ఆడవాళ్లు. రాజమణి నవ్వలేదు. "నా మొక్కు ఆపినవ్ గదయ్యా" అంది ఒక్క మాట, గట్టిగా, అందరికీ వినబడేలా. ఆ మాటతో సర్పంచు కుర్చీ అక్కడే, పట్టాల మీదే విరిగిపోయింది. అహల్యకు మాత్రం గోరీ పీట వేసింది, అన్నం పెట్టింది, అలలు ఎంత ఎత్తు వస్తాయని అడిగింది. ఆడవాళ్లంతా ఆమె చుట్టూ చేరారు.

ఎస్సై గంటన్నర నుంచి చెమటలు కక్కుతూ నిలబడి ఉన్నాడు. ఇప్పుడు కరపత్రం ఒకటి తీసి చదివి, ముందుకొచ్చాడు. "రైలు ఆపినందుకు కేసు రాయాలి. ఎవరి పేరు రాయమంటారు?"

"బ్యానరు మీద ఉన్నోని పేరే రాస్కోండ్రి సార్" అన్నాడు వెంకట్ తలెత్తకుండా. "ఆయనకు జైళ్లు అలవాటైనయి."

"అరే, నేను ఊళ్లనే లేను గదా సార్!" అన్నాడు శ్రీపాల్ రెడ్డి.

"ఎక్కడున్నారో రాసిస్తారా?"

రాసివ్వలేదు. జీపెక్కాడు. జనం పట్టాల మీద నుంచి లేచి, బ్యానరు మడిచి, భోజనాలకు కూర్చున్నారు. ఆ రోజు మానుకోట మీదుగా వెళ్లాల్సిన మిగతా రైళ్లన్నీ సరిగ్గా టైముకే వెళ్లాయి.