పసుపు రాసిన సీడీలు

తెల్లవారి ఐదున్నరకి కంపెనీ బస్సు తీయాల్సిన శంకర్ సంచిని చిన్నమ్మలు మూడోసారి విప్పి మళ్ళీ సర్దింది. అడుగున అన్నం క్యారేజీ, పక్కన నీళ్ళ సీసా, పైన పాత చీరముక్కలో చుట్టిన వంద సీడీలు. క్యారేజీ ఒరిగితే పులుసు కారుతుందని ఒక భయం, సీడీలు విరుగుతాయని ఇంకో భయం. శంకర్ ఆవిడ అక్క కొడుకు. అచ్యుతాపురం వెళ్ళి సాయంత్రానికి ఇల్లు చేరేవాడే. అయినా గడప దాటే ఎవరి సంచి సర్దినా ఆవిడ గుండె కాస్త జారుతుంది.

ఆ శుక్రవారం మాత్రం జారిన గుండె జారినట్టే ఎగిరింది. అరవై రెండేళ్ళకి ఆవిడ పాట మొదటిసారి అమ్మకానికి వెళుతోంది. చెరుకు తోటల్లో, బెల్లం పెనాల దగ్గర, పేరంటాల్లో తాను కట్టిన పాటలు పాడుతూనే ఉంది. ఇంకొకటి పాడమన్నవాళ్ళే అందరూ. తాంబూలం ఇచ్చినవాళ్ళున్నారు, కాఫీ పోసినవాళ్ళున్నారు, పాటకి ఎంత అని అడిగినవాళ్ళు లేరు. ఒక్కరు కొన్నా చాలనుకుని, దాచుకున్న డబ్బుతో విశాఖపట్నంలో రికార్డింగు చేయించింది. పన్నెండు పాటలు. పదకొండింటిలో ఎవరో ఒకరు ఊరు విడిచి వెళ్ళిపోతారు. పన్నెండోది పెయ్యదూడ మీద సరదా పాట. చివర్లో దాన్నీ సంతలో అమ్మేస్తారు.

"నూరు రూపాయలంటే ఎవుడు కొంటాడు పిన్నీ? పాటలు ఫోన్లో ఊరికే వత్తన్నాయి," అన్నాడు శంకర్ సంచి భుజాన వేసుకుంటూ.

"ఊరికే వచ్చింది ఊరికే పోతాది. నూరుకి రూపాయి తగ్గించకు," అంది చిన్నమ్మలు.

అట్ట మీద ధర వేసి ఉంటే ఇంత చెప్పుకోవలసిన పని లేకపోయేది. వేయనన్నది ప్రింటింగ్ ప్రెస్ త్రినాధరావు. ముప్పై ఏళ్ళుగా శుభలేఖలు తప్ప మరొకటి అచ్చు వేయని మనిషి. ప్లాస్టిక్ పెట్టెలు ఖరీదని, తన దగ్గర మిగిలిపోయిన శుభలేఖ కవర్లలో సీడీ కొలిచినట్టు పడుతోందని, వాటి మీదే అచ్చు వేశాడు. అలాంటి కవరు మీద రూపాయల లెక్క వేస్తే కళ పోతుందన్నాడు. పాడింది చిన్నమ్మలు, హార్మోనియం వాయించింది సన్యాసిరాజు. ఆ రెండు పేర్లూ బంగారు రంగులో ఎదురెదురుగా వేశాడు. గానం, హార్మోనియం అన్న మాటలు చీమ తలకాయంత. కింద, ఆదివారం ఉదయం పదిన్నరకి చిన్నమ్మలు ఇంట్లో విడుదల అని ఉండాలి. విడుదల అన్న మాటకి చోటు చాలక అది తీసేసి, సకుటుంబంగా రావలసిందన్న ప్రార్థన ఉంచాడు. ఆఖరికి చేతి అలవాటు కొద్దీ వంద కవర్లకీ నాలుగు మూలలా పసుపు రాసి అంటించాడు. బంగారు అక్షరాల్లో తన పేరు చూసుకున్నాక చిన్నమ్మలుకి తక్కినవేవీ కనబడలేదు.

బస్సులో శంకర్‌కి డబ్బులడగడానికి మొహమాటమేసింది. సీటు పక్కన దొంతరగా పెట్టి, మా పిన్నివి, తీసుకోండన్నాడు. రెండు ట్రిప్పుల్లో దొంతర ఖాళీ. శుభలేఖలు అట్టపెట్టెల్లో వస్తున్న రోజులు గనక, లోపల గట్టిగా తగిలింది ఏమిటని ఎవరూ విప్పి చూడలేదు. ఆదివారం తప్పకుండా వస్తామన్నారు. డబ్బులిచ్చేది ఆదివారమని శంకర్‌కి అర్థమయింది.

"అన్నీ అయిపోనాయి పిన్నీ," అని సాయంత్రం ఖాళీ సంచి చూపించేసరికి చిన్నమ్మలుకి ఉన్నచోట కాలు నిలవలేదు. ఆదివారానికి ఇరవై మందికి సరిపడా ఉప్మారవ్వ తెప్పించింది.

శనివారం రోలుగుంట నుంచి తమ్ముడు అప్పలరాజు ఫోను చేశాడు. గొంతు బరువుగా ఉంది.

"అప్పా, ఇంత పని సేసేవు, తోడబుట్టినోడికి ఒక్క మాట సెప్పలేదు."

"ఈ వయసులో ఏటని సిగ్గేసిందిరా. అప్పుడే మీ ఊరికి తెలిసిపోనాదా?"

"శంకర్ బస్సులో వచ్చేవోడొకడు కార్డు తెచ్చి ఇచ్చేడు. ఆ సన్యాసిరాజు మంచోడేనా?"

"ముప్పై ఏళ్ళుగా ఎరుగుదును. ఎక్కడా తాళం తప్పడు."

"బావ పోయి పన్నెండేళ్ళయింది. ఒక్కర్తివీ ఎన్నాళ్ళుంటావులే. పొద్దున్నే వత్తాం," అని పెట్టేశాడు. పాటల గురించి తమ్ముడు ఇంత కదిలిపోతాడని చిన్నమ్మలు అనుకోలేదు. కళ్ళు తుడుచుకుంది.

ఆదివారం పదింటికి వీధిలోకి కంపెనీ బస్సే వచ్చి ఆగింది. ఇరవై కాదు, ఎనభై మంది దిగారు. స్టీలు బిందెలు, అరటి గెల, కొత్త దుప్పటి. పూడిమడక నుంచి ఎరుకమ్మ అనే ముసలావిడ, కంపెనీ బస్సులో వెళ్ళే కొడుకుకి కార్డు వచ్చిందని, చెయ్యంత వంజరం చేప పట్టుకొచ్చింది. అప్పలరాజు గుమ్మం దగ్గర బల్ల వేసుకుని నోటుపుస్తకం తెరిచాడు. ఉప్మా గిన్నె దగ్గరున్న చిన్నమ్మలుకి నూట పదహార్లు, నూట పదహార్లు అని వినబడుతోంది. నూరు రూపాయల సీడీకి పదహారు ఎక్కువిస్తున్నారని పొంగిపోయింది. ఇన్నాళ్ళూ తానే తక్కువ ధర కట్టుకుందన్నమాట.

సన్యాసిరాజు తెల్లపంచెలో హార్మోనియంతో దిగాడు. ఆడవాళ్ళు పీట మీద కూర్చోబెట్టి బొట్టు పెట్టి దండ వేశారు. కళాకారుడికి సన్మానమనుకుని ఆయన వినయంగా తల వంచాడు.

"పెళ్ళికొడుకు పక్కన ఇంకో పీట ఎయ్యండి. ముహూర్తం దాటిపోతంది," అంది ఎరుకమ్మ.

వంచిన తల లేచింది. అదే సమయానికి అప్పలరాజు, "కాసులమ్మ గారి సదివింపులు, నూట పదహార్లు," అని గట్టిగా చదివాడు. చిన్నమ్మలు చేతిలో గరిటె గిన్నెలో పడింది. సన్యాసిరాజు దండ తీసి హార్మోనియం మీద పెట్టి, ఎవరి వైపూ చూడకుండా టీ తాగొత్తానన్నాడు. ఇంట్లో పెద్ద గిన్నెడు టీ మరుగుతూనే ఉంది.

చిన్నమ్మలు గుమ్మంలోకి వచ్చింది. ఆ పుస్తకంలో ఒక్క రూపాయి కూడా తన పాటది కాదని అప్పటికి తెలిసింది.

"పెళ్ళి లేదు నాయినా. కవరు సింపి సూడండి, అవి నా పాటలు. ఎవుల డబ్బులు ఆళ్ళు అట్టుకెళ్ళిపోండి."

కవర్లు చిరిగిన చప్పుడు. అప్పలరాజు పుస్తకం మూసి దాని మీద చెయ్యి పెట్టుకున్నాడు.

"సదివించింది ఎనక్కి తీసుకుంటే అరిష్టం. కూకున్నాం కదా, ఒకటి పాడు," అంది ఎరుకమ్మ.

శ్రుతి లేకుండానే పాడింది. చేపల వేటకి వెళ్ళినవాడి పాట. ఎరుకమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఇంకొకటి, ఇంకొకటి అన్నారు. పెయ్యదూడని సంతకి తోలుకెళ్ళే చోట బస్సులో వచ్చినవాళ్ళంతా నవ్వుతూ ఏడ్చారు. పన్నెండూ అయ్యాక ఎరుకమ్మ లేచి, రొంటినున్న డబ్బుల చిక్కం విప్పి, "మా కోడలికొకటి కావాలి. ఎంతమ్మా?" అని అడిగింది.

ముప్పై ఏళ్ళుగా ఎదురుచూసిన ప్రశ్న విని చిన్నమ్మలు తమ్ముడి వైపు తిరిగింది. పుస్తకం మళ్ళీ తెరిచి అప్పలరాజే చెప్పాడు.

"నూట పదహార్లు."

ధర అక్కడే ఖాయమయింది. మర్నాటికి మరో రెండు వందలు కావాలన్నారు.

ఆ ఆదివారం పదిన్నర దాటాక టీ తాగొస్తానని గుమ్మం దిగిన సన్యాసిరాజు మళ్ళీ రాలేదు.