సర్టిఫికెట్ ఉన్న తువ్వాళ్ళు

2017 నవంబరు 14, మంగళవారం. కార్తీకమాసం కాబట్టి వంటింట్లో ఉల్లిపాయ లేదు. నెల్లిమర్లలో భాస్కర్ ఇంట్లో ఆ ఉదయం దిబ్బరొట్టె, బెల్లం పానకం. తల్లి తవిటమ్మ పగలంతా ఉపవాసం కాబట్టి తినలేదు. చెల్లెలు గౌరి మాత్రం ముందు పెట్టుకుని కూడా తినలేకపోయింది. ఆ సాయంత్రం ఆరింటికి డాక్టర్ శైలజ తువ్వాళ్ళ కోసం వస్తానంది.

గౌరి భర్త సాలూరు లారీల మీద తిరుగుతాడు. పుట్టింట్లో ఊరికే కూర్చోలేక గౌరి చిన్న వ్యాపారం మొదలుపెట్టింది. విజయనగరంలో ఒక డీలరు దగ్గర పసిపిల్లల తువ్వాళ్ళు తెచ్చింది. పురుగుమందులు, రసాయన ఎరువులు లేకుండా పండించిన పత్తితో నేసినవని అతను చెప్పాడు. సర్టిఫికెట్ నకలు కూడా ఇచ్చాడు. డాక్టర్ శైలజ కాన్పుల ఆసుపత్రిదే ఆమెకు దొరికిన మొదటి బేరం. "అప్పుడే పుట్టిన పిల్లల ఒంటికి తగిలేవి గౌరీ. నీ మాట మీద తీసుకుంటున్నాను" అంది డాక్టరమ్మ. ఆ మాట విన్నప్పటినుంచి గౌరికి సరిగ్గా నిద్ర లేదు.

"అన్నయ్యా, ఇవి నిజంగా ఆర్గానిక్కేనా? నువ్వు సూసి సెప్పు."

"సూసి సెప్పడానికి ఇవేమైనా వంకాయలేటి?" అన్నాడు భాస్కర్. అతను కాలేజీలో కామర్స్ చెబుతాడు. అయినా చెల్లెలు తనను అడిగిందన్న సంతోషంతో కాలేజీ దారిలో బస్సులోనే ఫోన్లో వెతికి పద్ధతులన్నీ చదివేశాడు. దారం కాల్చి చూడాలి. నూలైతే కాగితం కాలిన వాసన వచ్చి బూడిదవుతుంది, ప్లాస్టిక్ కలిస్తే ముద్దగా కరుగుతుంది. ఉతికి ఆరేసి నీళ్ళు ఎంత పీలుస్తుందో చూడాలి. చివరగా సర్టిఫికెట్ నంబరు సరిచూడాలి. సాయంత్రం ఇంటికి రాగానే అన్నీ చేసేయవచ్చు అనుకున్నాడు.

అతను వచ్చేసరికి కరెంటు లేదు. తవిటమ్మ గుడికి దీపాలు పెట్టడానికి వెళ్ళింది. గౌరి ప్యాకింగ్ కవర్ల కోసం బజారుకు వెళ్ళింది. చంపావతి ఏటి మీదినుంచి మంచు అప్పుడే దిగుతోంది. భాస్కర్ చీకటి స్నానాలగదిలో తడుముకుంటూ కొన్ని తువ్వాళ్ళను సబ్బు పెట్టి ఉతికాడు. పెరట్లో తీగ మీద ఆరేశాడు. గట్టు మీద కొవ్వొత్తి వెలిగించి, ఇత్తడి గిన్నె పెట్టుకుని, ఒక్కొక్క దారమే కాల్చాడు. కాగితం వాసనే వచ్చింది. వేలితో నలిపితే బూడిద మెత్తగా రాలింది. మంచిదే అనుకుని, తువ్వాళ్ళ నేత ఎలా ఉందో చూద్దామని ఫోన్ టార్చి వేశాడు.

మొదటి తువ్వాలు అంచున ఎర్రటి వేళ్ళ గుర్తులున్నాయి.

ఎవరో గుడ్డ వెనక నిలబడి దాన్ని పట్టుకున్నట్టు ఉన్నాయవి. భాస్కర్ గుడ్డ పక్కకు జరిపి చూశాడు. వెనక గోడ, గోడ మీద మంచు తడి, అంతే. రెండో తువ్వాలు చూశాడు. అవే వేళ్ళు. ఆ తరువాతదానికీ అవే. సన్నటి వేళ్ళు, ఆడమనిషివి. టార్చి తన చేతుల మీదికి తిప్పుకున్నాడు. శుభ్రంగా ఉన్నాయి. గాలి లేదు గాని తువ్వాళ్ళు కొద్దిగా కదులుతున్నాయి. నీటిబొట్లు ఒకటి తరువాత ఒకటి నేల మీద పడుతున్నాయి, ఎవరో తొందర లేకుండా నడిచి వస్తున్నట్టు.

భయం వేసినప్పుడు చేతికి పని ఉండాలని భాస్కర్ సర్టిఫికెట్ తీసి, అందులోని నంబరును ఫోన్లోకి ఎక్కించడం మొదలుపెట్టాడు. సిగ్నల్ అంతంతమాత్రం. పేజీ తెరుచుకోదు, మళ్ళీ మొదటినుంచి ఎక్కించాలి. తప్పు పోకుండా పైకే చదువుకున్నాడు. అక్షరాలు, అంకెలు, మళ్ళీ అక్షరాలు.

పిట్టగోడ అవతల పక్కింటి సుభద్రమ్మ ఆరిన బట్టలు తీసుకోవడానికి వచ్చింది. కొవ్వొత్తి, గిన్నెలో బూడిద, ఎర్రటి వేళ్ళున్న తెల్లగుడ్డలు, వాటి మధ్య ఏదో జపిస్తున్న లెక్చరరుగారు కనిపించారు.

"బాబూ బాస్కరా, సీకట్లో ఏటి సేస్తన్నావు?"

"తువ్వాళ్ళు నిజమైనవో కావో సూస్తన్నానత్తా."

"తువ్వాల్లో నిజమేటి, అబద్దమేటి?"

"కాల్సి సూస్తే తెలస్తాది."

సుభద్రమ్మ ఒక అడుగు వెనక్కి వేసింది. "ఆ గుడ్డల మీద ఏళ్ళు ఎవులివి?"

భాస్కర్ అబద్ధం ఆడే మనిషి కాదు. "నాకూ తెల్దు" అన్నాడు.

సుభద్రమ్మ బట్టలు తీసుకోకుండానే వెళ్ళిపోయింది. ఆమె మనవడికి మొన్నటినుంచి జ్వరం. అది ఎందుకు తగ్గడంలేదో ఆమెకు ఇప్పుడు అర్థమైంది. కాసేపటికే గేటు దగ్గర వీధి సగం నిలబడి ఉంది. ఎవరూ గట్టిగా మాట్లాడడంలేదు. అదే భయంగా ఉంది. ఒకరిద్దరి చేతుల్లో వేపమండలున్నాయి. చేతబడికి ఆ ఊరి మాట "సిల్లంగి" ఒకరి చెవినుంచి ఇంకొకరి చెవికి నడుస్తోంది.

గౌరి కవర్ల కట్ట పట్టుకుని తన గేట్లోకి తానే తోసుకుంటూ రావలసివచ్చింది. "ఏటన్నయ్యా ఇది? కూసింతసేపు ఇంటికాడ వదిలెల్తే?"

"సిల్లంగి కాదు, ఆర్గానిక్" అన్నాడు భాస్కర్, అందరికీ వినబడేలా. "మందు కొట్టకండా పండిన పత్తి."

"మందు కొట్టకపోతే పురుగు తినీదా? పురుక్కి ఏటి సెప్పి ఆపినారు?" అంది సుభద్రమ్మ. గుంపులో తలలు ఊగాయి.

అప్పుడే వీధి మలుపు తిరిగి కారు వచ్చింది. దాని లైట్లు గేటు సందులోంచి పెరట్లోకి పడ్డాయి. తెల్లటి తువ్వాళ్ళు వరసగా వెలిగాయి. వాటిని వెనకనుంచి పట్టుకున్న ఎర్రటి వేళ్ళన్నీ ఒక్కసారి కనిపించాయి. గుంపులో ఒక ఆడమనిషి బిడ్డ మొహాన్ని భుజంలోకి దాచుకుంది. కారు దిగిన డాక్టర్ శైలజ కూడా తలుపు పట్టుకుని అలాగే ఉండిపోయింది.

"దారి ఇవ్వండర్రా" అంటూ వెనకనుంచి తవిటమ్మ వచ్చింది, ఖాళీ దీపాల పళ్ళెంతో. జనం చూస్తున్న వైపు ఆమె కూడా చూసింది. "నా పసుపుకేనేటి ఇంత సంబరం?"

"పసుపా?" అన్నాడు భాస్కర్.

"కొత్తగుడ్డ పసిబిడ్డకి కప్పుతారు, పసుపెట్టకండా ఎలాగిచ్చేస్తార్రా? మద్దినేల అన్నిటికీ పెట్టీసినాను. నువ్వు సబ్బెట్టి ఉతికినావు, ఎర్రగైపోనాది. సెల్లి పెళ్ళికి పసుపులో సున్నమేసి పారాణి ఎలాగ కలిపినారో సూల్లేదేటి?"

ఎవరూ కదల్లేదు. తవిటమ్మ లోపలికి వెళ్ళి నిమ్మకాయ తెచ్చి, కోసి, ఒక గుర్తు మీద పిండింది. కారు లైట్ల వెలుగులో ఎరుపు కరిగి పసుపుపచ్చగా మారిపోయింది. అనుమానం అక్కడితో తీరిపోవాలి. కాని గుంపంతా ఒక అడుగు వెనక్కి వేసింది.

"సూసినారా" అంది సుభద్రమ్మ మెల్లగా. "సిల్లంగి తీసీసినాది."

సరిగ్గా అప్పుడు భాస్కర్ ఫోన్లో పేజీ తెరుచుకుంది. అతను చదివి ఫోను గౌరికి ఇచ్చాడు. సర్టిఫికెట్ నిజమైనదే. కాని అది ఎక్కడో ఒక నూలు మిల్లుది. గడువు కిందటి ఏడే తీరిపోయింది. ఈ తువ్వాళ్ళ సంగతి అందులో ఎక్కడా లేదు.

డాక్టరమ్మ గేటు దగ్గరికి వచ్చింది. "ఈ గొడవంతా నాకెందుకు గాని, గౌరీ, ఇవి సర్టిఫైడేనా?"

అవునంటే సరిపోతుంది. ఆ ఫోను ఇంకెవరూ చూడలేదు. భాస్కర్ చెల్లెలి వైపు చూసి, మళ్ళీ చూపు తిప్పుకున్నాడు, ఆమెకు బరువు కాకూడదని.

"కాదు డాక్టరుగారూ" అంది గౌరి. "అసలు నూలే. అన్నయ్య కాల్సి సూసినాడు. కాయితం మాత్రం వీటిది కాదు. పత్తి ఎలాగ పండించినారో మేం సెప్పలేం."

డాక్టరమ్మ ఒక తువ్వాలు వేళ్ళ మధ్య నలిపి చూసింది. చెంపకు ఆనించుకుంది.

"సరే, ఆర్గానిక్ అని నేనూ ఎవరికీ చెప్పను. ఉడకబెట్టి వాడతాం. రేపు ఆయాను పంపిస్తాను. పసుపు లేనివి ఇవ్వండి."

"పసుపెట్టనివి లేవు తల్లీ" అంది తవిటమ్మ.

"పోనీ, ఉన్నవే ఇవ్వండి" అంది డాక్టరమ్మ. కారు వెళ్ళిపోయింది. గౌరి గట్టు మీద కూర్చుని, ఆ రోజుకు మొదటిసారి, ఆకలేస్తోందంది.

జనం మాత్రం పూర్తిగా వెళ్ళలేదు. చదువుకున్న డాక్టరమ్మే వేళ్ళున్నవి కావాలంది అన్న మాట వీధి చివరికి చేరింది. అన్నాలయ్యాక ఒక్కొక్కరే వచ్చి, తమకూ ఒకటి కావాలని తలుపు తట్టసాగారు. అందరికన్నా ఆఖరున సుభద్రమ్మ వచ్చింది, మనవణ్ణి చంకనేసుకుని.

"ఒసే గౌరీ, మీయమ్మ ఏళ్ళున్నది ఒక్కటియ్యే. సర్టిపికేట్టు అక్కల్లేదు."

"అందులో ఏటీ లేదత్తా. ఉట్టి పసుపే. పొద్దున్నే డాక్టరుకి సూపించు."

"సూపిస్తాను. ముందు ఇదియ్యి."

గౌరి ఒకటి తెచ్చి, జ్వరపు చెమట పట్టిన పిల్లవాడి మెడ తుడిచి, ఆ తువ్వాలే వాడి భుజాల చుట్టూ కప్పింది. మెత్తగా ఉందేమో, వాడు ఏడుపు ఆపి కళ్ళు మూసుకున్నాడు. సుభద్రమ్మ తవిటమ్మ ఉన్న గది వైపు తిరిగి ఒక దండం పెట్టి వెళ్ళింది.

వాడు లేవకుండా గౌరి తలుపు మెల్లగా మూసింది. ఆ రోజు ఆమె చెప్పిన రెండు నిజాల్లో ఒకటి డాక్టరమ్మ నమ్మింది, రెండోది ఊళ్ళో ఎవరూ నమ్మలేదు, సరుకు మాత్రం రెండు వైపులా అమ్ముడుపోయింది.