వంతెన దగ్గర హాజరు

ఒస్ట్రావిన్ నగరంలో చూడదగ్గ కట్టడాలు వచ్చినవాళ్ల హాజరు తీసుకుంటాయి. పెద్ద చర్చి, గడియార స్తంభం గంట మోగించి మరీ పేర్లు పిలుస్తాయి. రాజుగారి విగ్రహం పిలవదు, దాని కింద ఉన్న గుర్రం పిలుస్తుంది. నది మీది పాత వంతెన నాలుగో దీపస్తంభంలోంచి పిలుస్తుంది. పిలిచినప్పుడు పలికినవాడు చూసినట్టు, పలకనివాడు ముక్కు ఆనించి నిలబడ్డా చూడనట్టే. మొత్తం నాలుగు కట్టడాల్లో మూడింటికైనా హాజరు లేకపోతే, ఆ మనిషి నగరానికి రానేలేదని సాయంత్రం రైల్వే స్టేషన్లో ముద్ర వేస్తారు. డెబ్భై అయిదు శాతం అన్నమాట. మన ఇంజనీరింగ్ కాలేజీల్లో చదివినవాళ్లకు ఇందులో కొత్తేమీ కనిపించదు.

శనివారం పొద్దున్న రైల్లో ముగ్గురు తెలుగు విద్యార్థులు దిగారు. సామర్లకోట మురారి, నల్లగొండ ఫణీంద్ర, ఒంగోలు ఎస్తేరు. వెంట స్టీలు డబ్బా నిండా పులిహోర. మిగతా ఇద్దరూ సరదాకి వచ్చారు గానీ మురారికి పని ఉంది. వాళ్ల అక్క ధనలక్ష్మి పదేళ్ల క్రితం ఏదో క్యాలెండర్లోంచి ఈ వంతెన బొమ్మ కత్తిరించి బీరువా తలుపు లోపల అంటించుకుంది. చీర తీసినప్పుడల్లా చూసుకుంటుంది. ఆ వంతెన తను చూసి, ఎలా ఉందో ఆమెకు చెప్పాలి. అంతకు మించి అతనికి ఆ నగరంతో పేచీ లేదు.

ముందు హాస్టల్లో సంచులు పెట్టారు. ఫణీంద్ర ముందురోజంతా గోదాములో పార్సెళ్లు మోసి వచ్చాడు, రెండంతస్తుల మంచం చూడగానే కిందిదాని మీద వాలిపోయాడు.

"జర సేపు పండుకుంటరా. చర్చిల నాకు ప్రాక్సీ కొట్టు" అన్నాడు.

మురారి సరేనన్నాడు. ఇంజనీరింగ్ నాలుగేళ్లలో ఆరుగురికి ఆరు గొంతుల్లో పలికిన అనుభవం ఉంది. చర్చిలో ఫణీంద్ర పేరు ముందొచ్చింది. మురారి గొంతు కాస్త బొంగురు చేసి పలికాడు. తర్వాత తన పేరు వచ్చినప్పుడు కూడా పలికాడు గానీ చర్చి రాసుకోలేదు. ఒక జత కళ్లకు ఒక పేరే అని అక్కడి నలభై ఒకటో నిబంధన. ఎవరి పేరున హాజరు పడితే చూపు వాళ్లది. పలికినవాడికి, ఆ సమయంలో వాళ్ల కళ్ల ముందున్నది దక్కుతుంది. నగరం ఎవరికీ అన్యాయం చెయ్యదు.

"ఏందిరా, అట్టా పైకి చూస్తన్నావు?" అంది ఎస్తేరు.

"పైమంచం చెక్క. మేకు ఒకటి ఊడింది" అన్నాడు మురారి.

గడియార స్తంభం దగ్గరికి ఫణీంద్ర నిద్రకళ్లతో వచ్చి, చర్చి కిటికీల్లో ఎర్రగాజు ఎంత బాగుందో వర్ణించాడు. ముగ్గురూ నవ్వుకున్నారు. గడియారానికీ గుర్రానికీ మురారి తన పేరుకే పలికాడు. గుర్రం ఎదుట కూర్చుని పులిహోర తిన్నారు. ఎండ బాగుంది. ఇక వంతెన ఒక్కటే మిగిలింది. అక్కడ హాజరు తప్పితే మురారి రానట్టే.

వంతెన హాజరు పన్నెండుకి. సామర్లకోటలో అప్పుడు మూడున్నర, ధనలక్ష్మి టిఫిన్ సెంటర్లో బజ్జీల వేళ. మురారి వీడియో కాల్ చేసి ఫోన్ వంతెన వైపు తిప్పాడు. సిగ్నల్ అంతంతమాత్రంగా ఉంది.

"ఏం కనపడతంలేదురా, బూడిదగా ఉంది" అంది అక్క. వెనకాల నూనె చిటపటలాడుతోంది. "పోన్లే. నువ్వు చూస్తే నేను చూసినట్టేరా తమ్ముడూ."

దీపస్తంభం కింద బల్ల వేసుకుని కూర్చున్న హాజరు గుమస్తా తలెత్తింది. నీలం టోపీ, మెడలో కళ్లద్దాలు. ఫోన్లో ఆవిడ ఇప్పుడు అన్న మాట నలభై ఒకటో నిబంధన కింద దరఖాస్తు అవుతుందని చెప్పింది. ఇలాంటి దరఖాస్తులు రోజూ వస్తాయట, ఎక్కువ భాగం అమ్మల నుంచీ అక్కల నుంచీ. ఇక్కడికి వచ్చిన మనిషి సంతకం పెడితే చాలు.

"సంతకం పెడితే నాకు రెండే హాజరులు మిగులుతాయి కదండీ" అన్నాడు మురారి.

"అవును. మీరు ఈ నగరానికి రానట్టు. ఫోటోల్లో ఉండరు. రైలెక్కేసరికి మీ స్నేహితులకు కూడా గుర్తుండదు."

ఎస్తేరు అతని చొక్కా పట్టుకుంది. "పెట్టబాకరా. అక్కకి నోటితో చెప్పు, చాలు."

"నేనన్న మర్చిపోతనా బే?" అన్నాడు ఫణీంద్ర. అంటూనే, మర్చిపోతానేమోనని అతనికే అనుమానం వచ్చి మురారి భుజం మీద చెయ్యి వేసి ఉంచాడు.

మురారికి భయమేసింది. ఇంత దూరం వచ్చి రానివాడు కావడం ఎవరికి ఇష్టం. కానీ బీరువా తలుపు గుర్తొచ్చింది. ఆ బొమ్మ అంచులు పసుపెక్కితే అక్క మైదా ముద్దతో మళ్లీ అంటించేది. సంతకం పెట్టాడు. దీపస్తంభం "ధనలక్ష్మి" అని పిలిచింది. మురారి ఆరుగురిలో ఎవరి గొంతూ కాకుండా తన గొంతుతోనే పలికాడు.

వంతెన పోయింది. ఎదురుగా నల్లటి మూకుడు, కాగుతున్న నూనె, తేలుతున్న ఎనిమిది మిరపకాయ బజ్జీలు. గోడకి మసి. మడమలు లాగుతున్నాయి.

ఫోన్లో అక్క, "నీళ్లు పచ్చగా ఉన్నాయేంట్రా. బొమ్మలో నీలంగా ఉండేవి" అంది.

"అక్కా, బజ్జీలు మాడతన్నాయి. చిల్లుల గరిటె నీ కుడిచేతి పక్కనుంది. ఆ మూలది ముందు తిప్పు."

"ఏ మూల?"

"నీ వైపు. ఆఁ, అదే. ఇప్పుడు పక్కది."

ఆమె నదిని చూస్తూ, తమ్ముడు చెప్పినట్టు బజ్జీలు తిప్పింది. టిఫిన్ సెంటర్లో తినడానికి కూర్చున్నవాళ్లకు తేడా తెలియలేదు.

గుమస్తా దరఖాస్తులో రెండో గడి నింపడానికి పెన్ను తీసింది. దరఖాస్తుదారు ఉన్న స్థలం అడిగింది. పొయ్యి ముందు అని చెప్పాడు మురారి.

"ఎన్నాళ్లుగా?"

"పధ్నాలుగేళ్లు."

"అక్కడ హాజరు ఎవరు తీసుకుంటారు?"

మురారి ఆలోచించాడు. తను తిని కాలేజీకి పరిగెత్తిన రోజులు గుర్తొచ్చాయి. బావ పేపరు చదువుతూ ఇంకో రెండు అనడం గుర్తొచ్చింది. "ఎవరూ తీసుకోరండీ" అన్నాడు.

"అయితే నిబంధన ప్రకారం ఆవిడ అక్కడ లేరు. అలాగే రాస్తాను."

మురారి ఫోన్లో ఆ మాట చెప్పాడు.

"రాసుకోమను. నాకూ అలాగే అనిపిస్తా ఉండేది" అంది ధనలక్ష్మి. ఆమె గొంతు హాయిగా ఉంది. "అవతలి గట్టు మీద ఎవరో గొడుగు మర్చిపోయారురా. ఇంకాసేపు చూడనీ."

వెనకాల ఎస్తేరు, ఫణీంద్ర ఫోటో దిగుతున్నారు. మధ్యలో ఇంకొకరు పట్టేంత ఖాళీ ఎందుకు వదిలారో వాళ్లకు తెలియలేదు. మురారి తర్వాతి వాయికి పిండి ఏ గిన్నెలో ఉందో అక్కకి చెప్పాడు.