పళ్లెం కింది మైనం

తూనికల ఇనస్పెక్టరుని వీధిలో అందరూ కాటాగారంటారు. పాతికేళ్లుగా దుకాణాల త్రాసులు తనిఖీ చేస్తూ, పళ్లెం కింద మైనం ముద్ద అంటించిన ఘనుల్ని ఎందరినో పట్టుకున్నారు. అంతటి మనిషి పిత్తాశయంలో రాళ్లు చేరాయి.

మూడుసార్లు కుడి డొక్కలో నొప్పి లేచి మెలికలు తిరిగిపోయారు. మూడుసార్లూ భార్యే ఆస్పత్రికి మోసినంత పని చేసింది.

"రాయి జారి నాళానికి అడ్డం పడితే ప్రాణం మీదికి రావచ్చు. ఆపరేషన్‌లోనూ ప్రమాదం బొత్తిగా లేదనను, కానీ అరుదు. ఆలోచించుకోండి" అంది డాక్టరమ్మ. ఆయన ఆలోచించడం మొదలుపెట్టి నాలుగు నెలలైంది.

"ఈ ఆదివారమైనా తేలుస్తారా?" అంది భార్య.

"ఇంట్లో త్రాసు ఉందిగా, తూచి తేలుస్తాను. కుడి పళ్లెం ఆపరేషన్‌కి, ఎడమది వద్దనడానికి. కారణానికో చింతగింజ. త్రాసు మాటే నా మాట."

ఇంత ధర్మం పలికి, ఆవిడ పెరట్లోకి వెళ్లగానే సగం కొవ్వొత్తి కరిగించి ఎడమ పళ్లెం కింద అంటించి, హాయిగా స్నానానికి వెళ్లారు. గడ్డం గీసుకునే కత్తి చూసినా కళ్లు మూసుకునే రకం మరి.

స్నానమయ్యాక పంచాయతీ మొదలైంది.

"మళ్లీ నొప్పి రాదు" అంటూ భార్య కుడి పళ్లెంలో గింజ వేసింది.

"మత్తులోంచి లేవకపోతే?"

"కామెర్ల భయముండదు."

"నాళం తెగితే? కుట్లు చీము పడితే?"

"మీ ఆఫీసు నుంచి ఫోనొస్తే నా గుండె జారిపోదు."

ఆ గింజ మాత్రం కుడి పళ్లెంలో ఆయనే వేశారు.

చివరికి ఇటు ఆరు, అటు ఆరు. "గింజల్లో బరువైనవీ ఉంటాయి, తేలికవీ ఉంటాయి. తీర్పు త్రాసుదే" అని ముందే సర్దిచెప్పి, ఆయన త్రాసు పైకెత్తారు.

కుడి పళ్లెం టక్కున బల్లకి దిగింది.

"బరువైన గింజలన్నీ నావే అయినట్టున్నాయి!" అంది భార్య.

పళ్లెం తిరగేసి చూద్దామంటే తన గుట్టే బయటపడుతుంది. తేలు కుట్టిన దొంగలా కిమ్మనకుండా వెళ్లి ఆపరేషన్ బల్లెక్కారు.

మూడోరోజు ఇంటికి రాగానే పొట్ట పట్టుకుని త్రాసు దగ్గరికి నడిచారు. మైనం కుడి పళ్లెం కింద ఉంది.

"నువ్వా?"

"పాతికేళ్లుగా అన్నం దగ్గర మీ మైనం కథలే కదా వింటున్నా! కొవ్వొత్తి సగమైపోతే ఆమాత్రం తెలియదా? మీరు నీళ్లు పోసుకుని వచ్చేలోపు మార్చేశా."

"పీకి పారెయ్యొచ్చుగా? న్యాయంగా తూచేవాళ్లం."

"ఆరుకి ఆరు సమానంగా నిలిస్తే మీరు ఇంకో ఏడాది ఊగుతారు. నాకు న్యాయం వద్దు, మీరు కావాలి."

కాటాగారికి కళ్లు చెమర్చాయి. ఆమె చెయ్యి పట్టుకున్నారు. "ఎంతమంది దొంగ తూకాలు పట్టుకున్నానో! దొంగ తూకానికి దణ్ణం పెట్టడం ఇదే మొదలు. నన్ను బతికించావే."

"దణ్ణాలు తర్వాత" అంది ఆమె కళ్లు తుడుచుకుంటూ. "కరెంటు పోతే ఇంట్లో ఉన్నది సగం కొవ్వొత్తే. కుట్లు మానగానే ముందు కొత్తది తెండి."