ఎలుగుబంటి కొన్న కంపెనీ పీపా

ఒక పెద్ద అడవిలో ఒక ఏనుగు బీరు కంపెనీ పెట్టుకుంది. అడవిలో బీరు కంపెనీ ఏమిటని అడక్కండి. కోర్టూ, ప్లీడర్లూ, ఆబ్కారీ శాఖా ఉన్న అడవి అది. బీరు ఒక్కటే లేకపోతే అక్కడ బతకడం ఎలా?

ఆ ఏనుగు పేరు ఐరావతరావు గారు. ఆయన బీరు స్టీలు పీపాల్లో దుకాణాలకు వెళ్ళేది. దుకాణంవాడు డిపాజిట్ కట్టి పీపా తెచ్చుకోవాలి. బీరు అమ్ముకున్నాక ఖాళీ పీపా తిరిగిచ్చి డిపాజిట్ వెనక్కి తీసుకోవాలి. ప్రతి పీపా మెడ మీద తొండం బొమ్మతో ఒక ముద్ర, దాని కింద 'కంపెనీ ఆస్తి, అమ్మరాదు' అని అక్షరాలు ఉండేవి. ఆ అడవిలో చదవగలిగినవాళ్ళే తక్కువ. చదివి పట్టించుకునేవాళ్ళు ఇంకా తక్కువ.

ఏటి గట్టున దుకాణం నడిపే అడవిపంది ఒకరోజు వ్యాపారం విసుగొచ్చి దుకాణం ఎత్తేశాడు. పీపాలు దొర్లించుకుంటూ కంపెనీదాకా పోవడానికి బద్ధకించాడు. డిపాజిట్ పోతే పోయిందనుకుని, వాటిని పాత సామాన్లు కొనే దుమ్ములగొండికి వేసేశాడు.

ఆ దుమ్ములగొండి పేరు గొండన్న. అతను అందులో ఒక పీపాను తిన్నగా ఎలుగుబంటి ముద్దయ్య గుహకు మోసుకొచ్చాడు.

ముద్దయ్యకు ఇంట్లో బీరు కాసుకోవడమంటే ప్రాణం. రాగులు మొలకెత్తించి, ఇప్పపువ్వు కలిపి, కుండలో పులియబెట్టేవాడు. పాపం, ఏ కుండా నిలిచేది కాదు. ఒకటి పగిలేది, ఒకటి కారేది, ఒకటి పుల్లగబ్బు కొట్టేది. అతని బీరు తాగినవాళ్ళు చాటుకెళ్ళి ఉమ్మేసి వచ్చి, బాగుంది ముద్దయ్యా అనేవాళ్ళు. ముద్దయ్యకు తెలుసు. చాలా బాధపడేవాడు.

"బావా, ఇది చూడు. తుప్పు పట్టదు, చిల్లు పడదు. నీ మనవలు కూడా ఇందులోనే కాస్తారు" అన్నాడు గొండన్న.

"దీని మీద ఏదో రాసుందే?"

"కంపెనీ పేరులే. నీ చొక్కా కాలరు మీద ఉండదూ కంపెనీ పేరు? అంతమాత్రాన అది వాళ్ళ చొక్కా అయిపోతుందా?"

ముద్దయ్యకు చొక్కా లేదు. అయినా ఆ మాట బాగానే ఉందనిపించింది. పుట్టతేనె అంతా ఇచ్చి పీపా కొనుక్కున్నాడు.

అతని భార్య ఎర్రక్క పీపాను చింతపండుతో తోమి, పసుపు రాసి, బొట్టు పెట్టింది.

"ఏమయ్యా, కొత్త పాత్ర ఇంట్లోకొస్తే పేరు కొట్టించకుండా వాడుకుంటారా ఎవరైనా? రేపు ఎవరింటి పేరంటానికో ఇస్తే మనదేదో వాళ్ళదేదో ఎలా తెలుస్తుంది?"

అదీ నిజమే. వడ్రంగిపిట్టను పిలిపించారు. పిట్ట టకటకమని చుక్కలు పొడుస్తూ, తొండం ముద్రకు సరిగ్గా కిందే 'ముద్దయ్య, ఎర్రక్క' అని అందంగా కొట్టి వెళ్ళింది. భార్యాభర్తలిద్దరూ ఆ అక్షరాలను తడిమి చూసుకుని మురిసిపోయారు. పేరు పడ్డాక ఇక పాత్ర ఎవరిదన్న ప్రశ్నే లేదని వాళ్ళ నమ్మకం. మన ఇళ్ళల్లో మాత్రం ఇంకోలా అనుకుంటామా?

ఆ పీపాలో కాసిన మొదటి బీరే అద్భుతంగా కుదిరింది. కుందేలు తాగి ఉమ్మలేదు. జింక రెండో గిన్నె అడిగింది. కంపెనీలో పనిచేసే దున్నలు కూడా పని కాగానే సొంత కంపెనీ బీరు వదిలేసి ముద్దయ్య గుహ ముందు వరసకట్టాయి.

దున్నలు ఎక్కడికి పోతున్నాయో చూద్దామని ఐరావతరావు గారు తొండం ఎత్తి గాలి పీల్చారు. వాసన పట్టుకుని గుహదాకా వచ్చారు. మొదట ఆయన కళ్ళబడింది బీరు. తర్వాతే ముద్ర.

"ఇది నా పీపా!"

"కాదండీ, కొనుక్కున్నాను. పేరు కూడా కొట్టించాం, చూడండి" అని ముద్దయ్య గర్వంగా చూపించాడు.

"కొనడానికి నేనెప్పుడు అమ్మాను? దొంగసొత్తు దాచుకున్నవాణ్ణి ఏరు దాటించి తరిమేస్తారు, తెలుసా?"

ముద్దయ్య పుట్టింది ఆ గుహలో. ఏటికి అవతల అతనికి ఒక చీమలపుట్ట కూడా తెలియదు.

కోర్టు పెట్టారు. న్యాయమూర్తి తాబేలు గారు. కంపెనీ తరఫున కాకి ప్లీడరు వాదించాడు. కోటు ఖర్చు లేనందువల్ల ఆ అడవిలో ప్లీడర్లంతా కాకులే.

"అయ్యగారూ, కంపెనీ అమ్మింది బీరు. పీపా కేవలం అరువు. డిపాజిట్ అంటే ధర కాదు, తిరిగిస్తారన్న పూచీ మాత్రమే. కాబట్టి పీపా పందిది కాదు. తనది కానిదాన్ని పంది గొండన్నకు ఎలా అమ్ముతాడు? గొండన్నకు లేని హక్కు ఈ ముద్దయ్యకు ఎక్కణ్ణుంచి ఊడిపడుతుంది?"

ఇందులో ఒక్క ముక్క కూడా తప్పు కాదు. నాకు ఒళ్ళు మండేది అందుకే.

"మరి మా పేరు కొట్టించుకున్నాం కదండీ" అన్నాడు ముద్దయ్య.

"పేరు కొట్టిస్తే సొంతమైపోదు" అన్నాడు కాకి.

"అలాగైతే వాళ్ళు కొట్టించుకున్నదీ పేరే కదండీ?"

"అది పేరు కాదు, ముద్ర."

తాబేలు గారు మెడ బయటికి చాపారు. "రెంటికీ తేడా ఏమిటి ప్లీడరు గారూ?"

"ముద్ర ఉన్నవాడు ప్లీడర్ని పెట్టుకోగలడు, అయ్యగారూ. ఈ పేరు ఉన్నవాడు పెట్టుకోలేడు."

తాబేలు గారికి ఆ తేడా స్పష్టంగా అర్థమైంది.

ముద్దయ్య చేతులు జోడించాడు. "పీపా తీసుకోండి బాబూ. తేనె పోతే పోయింది. నన్ను దొంగని మాత్రం అనకండి, ఏరు దాటించకండి."

అక్కడితో ఆగితే ఐరావతరావు గారు సుఖపడేవారు. కానీ ఆయన ముక్కు చాలా పొడుగు. కాకిని దగ్గరికి పిలిచారు.

"పీపా ఎవరిదో లోపలున్నదీ వాళ్ళదే అని తీర్పులో రాయించు."

"అయ్యా, పీపాతో సరిపెట్టుకుంటే..."

"ఆ బీరు వాసన చూశావా నువ్వు? ఊరికే పోనిస్తానా? మన పేరు పెట్టి అమ్ముకుందాం."

కాకి అడిగాడు. తాబేలు గారు నిదానంగా తీర్పు చెప్పారు. "తొండం ముద్ర ఉన్న ప్రతి పాత్రా, ఎవరి దగ్గరున్నా, లోపలున్నదానితో సహా కంపెనీదే."

ఏనుగు ఆనందంతో ఘీంకరించింది. ఆ చప్పుడుకు వెనక బెంచీలో కునుకు తీస్తున్న ఆబ్కారీ అధికారి ముంగిస ఉలిక్కిపడి లేచాడు.

"లోపలున్నది ఇంటి బీరే కదా? కాయడం నేరం. పాత్ర ఎవరిదో నేరం వాళ్ళది. ఈ చట్టం కంపెనీవారే పట్టుబట్టి చేయించారు, ఇళ్ళల్లో ఎవరూ కాయకూడదని."

"నాకు లైసెన్సు ఉందయ్యా!" అన్నారు ఐరావతరావు గారు.

"ఫ్యాక్టరీకి ఉంది. ఎలుగుబంటి గుహకు లేదు. ఫ్యాక్టరీకి తాళం వేస్తున్నాను."

ఐరావతరావు గారు పరుగున తాబేలు గారి ముందుకొచ్చారు. "అయ్యగారూ, పీపా మాది కాదు! ముద్దయ్యకు మేమే ఇచ్చాం! మనస్ఫూర్తిగా ఇచ్చాం!"

"కంపెనీయే ఇచ్చిందంటే ముద్దయ్య దొంగ కాదు" అని తాబేలు గారు తేల్చారు. "ఇక పీపా సంగతి. తీర్పు చెప్పేశాను. వెనక్కి తీసుకోవాలంటే నేను వెనక్కి తిరగాలి. దానికి వచ్చే వానాకాలం దాకా పడుతుంది."

ఐరావతరావు గారు ముద్దయ్య వైపు తిరిగారు. "తీసుకో ముద్దయ్యా, నీ పేరే ఉందిగా! కావాలంటే రాసిస్తాను."

ముద్దయ్య నోరు తెరవబోయాడు. ఎర్రక్క అతని డొక్కలో ఒక్క పోటు పొడిచింది.

"వద్దండీ" అన్నాడు ముద్దయ్య వినయంగా. "పెద్దవారి ఆస్తి. మాకు ఉంచుకునే అర్హత లేదు. తమరు తీసుకెళ్ళేదాకా గుహలో జాగ్రత్తగా కాపలా కాస్తాం."

తీసుకెళ్ళడానికి కంపెనీ ఎప్పుడూ రాలేదు. తీసుకెళితే తమదని ఒప్పుకున్నట్టే కదా. ముద్దయ్య హాయిగా కాస్తూనే ఉన్నాడు. ముంగిస వచ్చినప్పుడల్లా అతనికి ఒక గిన్నె పోసి ముద్ర చూపించేవాడు. ముంగిస తాగి, మూతి తుడుచుకుని, కంపెనీ మీద ఇంకో కేసు రాసేవాడు.

సంగతి పాకిపోయింది. గొండన్న దగ్గర పాత పీపాలన్నీ ఒక్క పూటలో అమ్ముడైపోయాయి. దొరకనివాళ్ళు తమ కుండలు, బానలు, ఉగ్గుగిన్నెలు కూడా పట్టుకుని వడ్రంగిపిట్ట ఇంటికి పరిగెత్తారు.

"ఏం పేరు కొట్టమంటారు?" అని అడిగింది పిట్ట.

"మా పేరెందుకమ్మా? తొండం బొమ్మ కొట్టు" అన్నారందరూ.

నీతి: ఆస్తి పెద్దవాళ్ళ పేరునే ఉండనివ్వాలి, అనుభవించే కష్టం మాత్రం మనం పడాలి.