వైర్ల వదిన వీపీఎన్ విజయము

ఫ్యానుల ఘోషతో దద్దరిల్లునదియు, ఫైళ్ల పర్వతములతో దుర్గమమైనదియు, టీకప్పుల వలయముద్రలతో అలంకృతమైనదియు అగు మూడవ అంతస్తు కార్యాలయమునందు, గడియారము పదకొండు గొట్టిన ఆ భీషణ సోమవార ముహూర్తమున, కుర్చీల కంపెనీ ఏకైక నెట్‌వర్కు ఇంజినీరు, సకల కేబుల్ గ్రంథివిచ్ఛేదిని, సర్వజనులచే వైర్ల వదిన యని పిలువబడు వీరవనిత కీబోర్డును సమీపించెను.

షోరూమునకొకటి, గోదామునకొకటి, ఇంటినుండి పనిచేయు ఎనమండుగురికి తలా ఒకటి, వెరసి పది సొరంగములను, అనగా వీపీఎన్ కనెక్షనులను, పరుల కంటబడకుండ ఇంటర్నెట్టు మహాసముద్రగర్భమున ఆమె తవ్వవలెను. మధ్యాహ్నమునకు తొమ్మిది తెరచుకొనెను. పదియవది మొండికేసెను.

అది గోదాము గుమాస్తాది. కాలు విరిగి, పిండికట్టుతో మంచమెక్కిన ఆమె ఇంటినుండియే డెలివరీ చీటీలు తీసి గోదాములో ప్రింటు చేయవలెను. "నాలుగింటికల్లా కాకపోతే రేపట్నుంచి గోదాముకే రమ్మనండి" అని మేనేజరు చండశాసనము.

"వదినా, కనెక్ట్ అయిందనే చూపిస్తోంది. ప్రింటర్ మాత్రం కనపడట్లేదు" అని గుమాస్తా ఫోనులో వాపోయెను. "మాది నాలుగో అంతస్తు, లిఫ్ట్ లేదు. నన్నెవరు మోస్తారు?"

ఆ దీనాలాపము చెవిసోకినంతనే వదిన దిగ్గున లేచెను. చక్రాల కుర్చీ వెనుకకురికి బీరువాను ఢీకొనెను.

"ఓరి రౌటరాధమా! పిండికట్టు కాలితో అబల మెట్లు దిగుటయా? నేను బ్రతికియుండగనా? కాచుకొనుము!"

"ఎవరితోనమ్మా?" అనెను మేనేజరు.

"రౌటర్‌తో సార్."

రెండు గంటలు ఘోరసమరము. పాస్‌వర్డులు మారెను. సెట్టింగులు నేలకూలి మరల లేచెను. ఫలితము సున్న. తుదకామె అడిగెను: "మీ ఇంట్లో నీ కంప్యూటర్ నంబర్ ఎంతో చదువు."

"నూట తొంభై రెండు, నూట అరవై ఎనిమిది, ఒకటి, ఐదు."

వదిన నుదురు కొట్టుకొనెను. గోదాము కంప్యూటర్లదియు అదే వరుస! రెండు వీధులకు ఒకే పేరున్న చందమున, చీటీ పాపము గడపదాటక, గోదాము ప్రింటరును గుమాస్తా ఇంటిలోనే వెదకుచున్నది.

"మీ రౌటర్‌లో ఆ ఒకటి తీసి యాభై పెడదాం. దాని పాస్‌వర్డ్ అడుగున ఉంటుంది, చూడు."

రౌటరో, అటకపైన. గుమాస్తా కాలో, దిండుపైన. అంతట వంటగదినుండి అత్తగారు చీపురుకర్ర ధరించి వెడలెను.

"అత్తయ్యా, జాగ్రత్త!"

"నీకెందుకు, నువ్వు పడుకో. ఇదిగో, లాగేశా. చిన్న బి, ఏడు, పెద్ద ఎస్సు... ఇది ఎనిమిదా, బల్లి రెట్టా?"

"గీకి చూడండత్తయ్యా!"

"ఎనిమిదే."

మూడు గంటల యేబదియారు నిమిషములకు గోదాము ప్రింటరు మూలిగెను, దగ్గెను, కాగితము నొకదానిని కక్కెను. సూపర్‌వైజరు ఫోను చేసెను: "వదినా, చీటీ వచ్చింది. కొంచెం వంకరగా వచ్చిందనుకో."

మేనేజరు గడియారము చూచి, గొంతు సవరించుకొని, "సరే, కాలు నయమయ్యేదాకా ఇంట్లోంచే చెయ్యమనండి" అనెను.

దిక్కులారా, వినుడు! లోకములారా, చెవియొగ్గుడు! దశసొరంగ నిర్మాత్రి వైర్ల వదిన పరాక్రమమున, చీపురుకర్రధారిణి సాయమున, సముద్రమంతటి ఇంటర్నెట్టును నిరాఘాటముగ దాటి గోదాము చేరెను, ఒక ప్లాస్టిక్ స్టూలునకు డెలివరీ చీటీ!