సరిగ్గా వెలిగే లైట్లతో జాగ్రత్త!

హైదరాబాదులో బతికే మనిషికి కారు లైట్లు చెడిపోవడాన్ని మించిన భాగ్యం ఇంకొకటి లేదు! నమ్మరా? పోనీ, మీ కారు లైట్లన్నీ సరిగ్గా వెలుగుతున్నాయా? అయ్యో పాపం! ఇల్లు కదలకుండా కూర్చుని చాపెల్ రోడ్డు ఎర్నెస్టు మాస్టారి సంగతి వినండి.

మాస్టారు బళ్ళో ఫిజిక్సు చెప్పి రిటైరైన మనిషి. ఆయనకొక పాత తెల్ల కారుంది. అదంటే ఆయనకు ప్రాణం. కొడుకు జెస్విన్ పుట్టినప్పుడు తల్లీబిడ్డల్ని దవాఖాన నుంచి ఇంటికి తెచ్చిన కారు మరి! దాని ఈడు కార్లన్నీ ఎప్పుడో తుక్కులోకి పోయాయి. అది మాత్రం ఆదివారం ఆదివారం మాస్టారినీ, ఆయన భార్య బెత్సీనీ చర్చికి మోసుకెళ్తూనే ఉంది.

ఆ మధ్య గౌలిగూడ దగ్గర ఒక ఆటో దాని వెనక భాగాన్ని గుద్దేసి చక్కా పోయింది. సొట్ట తీయించి రంగు వేయిద్దామని మాస్టారు కారును నాంపల్లిలో ఒక షెడ్డుకిచ్చారు. సొట్ట పోయింది. రంగు మెరిసింది. కారు మాత్రం పూనకంతో ఇంటికొచ్చింది!

పూనకం కాకపోతే ఏమనాలి? కుడి ఇండికేటరు వేస్తే ఎడమది కొట్టుకుంటుంది. బ్రేకు తొక్కితే వెనకున్న లైట్లన్నీ కలిసికట్టుగా కన్ను కొడతాయి. రివర్సు గేరు వేశారా, కారు లోపలి లైటు భగ్గుమంటుంది. వెనక సీట్లో కూర్చున్న బెత్సీ, షోకేసులో చీర కట్టి నిలబెట్టిన బొమ్మలాగా బజారుకంతా కనిపిస్తుంది.

"జెస్విన్ డాడీ, అందరు నన్నే చూస్తున్నరు. జర ఆ లైటు బంద్ చెయ్యున్రి!"

"నేను వేస్తె గద బెత్సీ, బంద్ చేసేది!"

ఇందులో భాగ్యం ఏముందంటారా? అక్కడికే వస్తున్నాను. ఇదివరకు అబిడ్స్ పోస్టాఫీసు ముందు ఆ కారును లెక్కచేసినవాడెవడు? బస్సు మీదమీదికి వచ్చేది. ఆటోలు సందు దొరికిన చోటల్లా ముక్కు దూర్చేవి. ఇప్పుడో! మాస్టారు బ్రేకు మీద కాలు పెట్టగానే వెనక బస్సు భయపడి ఆగిపోతుంది. ఆటోవాళ్ళు పక్కకు తప్పుకుని దండం పెట్టినంత పని చేస్తారు. ఈ కారు ఎటు తిరుగుతుందో తెలియనప్పుడు దూరంగా ఉండటమే కదా తెలివి! ఒక కానిస్టేబులైతే ఎవరో పెద్దాఫీసరు బండి అనుకుని నాలుగు వైపులా ట్రాఫిక్ ఆపి సెల్యూట్ కొట్టాడు. సుల్తాన్ బజార్లో చీరల కొట్టాయన బయటికి పరుగెత్తుకొచ్చి, "బారాత్ ఏడికి సార్? పెండ్లిపిల్లగాడు ఏడి?" అని ఆత్రంగా అడిగాడు. కోట్లు పోసి కొన్న కార్లకైనా ఈ మర్యాద దక్కుతుందా?

కానీ బెత్సీకి ఈ వైభవం రుచించలేదు.

"పానం అరచేతుల పెట్టుకుని కూసుంటున్న ఈ బండిల. వచ్చే ఆదివారం లోపట లైట్లు సక్కగ వెలగాలె. లేకుంటే బండి తుక్కుకే! మా తమ్మునికి చెప్పిన, కొనేటోణ్ణి తోల్కొస్తడు."

బెత్సీ అన్నదంటే చేసి తీరుతుంది. తన కారును ఎవడో సుత్తులు పెట్టి విరగ్గొడుతున్నట్టు మాస్టారికి పట్టపగలే పీడకల వచ్చింది.

ఇక చూడండి, ఆయనలోని ఫిజిక్సు మాస్టారు చొక్కా చేతులు మడిచి లేచారు! బల్బులు మార్చారు. ఫ్యూజులు మార్చారు. బ్యాటరీ కొసలు ఉప్పుకాగితంతో తోమారు. కొత్త బల్బులొచ్చాక కారు ఇంకా హుషారుగా కన్ను కొట్టింది. గత్యంతరం లేక మళ్ళీ ఆ నాంపల్లి షెడ్డుకే వెళ్ళారు.

వెళ్ళేసరికి ఏముంది! గోడ మీద దేవుడి పటం నెత్తిన ఎర్రగా వెలుగుతున్నది సాక్షాత్తూ తన కారు కుడి వెనక లైటు! ఎన్నేళ్ళుగానో తుడిచిన లైటును ఆయన గుర్తుపట్టరా? మరి కారుకున్నదేమిటి? చూడటానికి అలాంటిదే కావడంతో ఇన్నాళ్ళూ ఆయనకు అనుమానమే రాలేదు!

అమలాపురం నుంచి కొత్తగా దిగిన ఎలక్ట్రీషియన్ పవన్‌కుమార్ తెల్లబోయాడు. "మీరే కదండీ ఫోన్లో లైటు తీసుకోమన్నారు! ఎంత మంచోరో, అడక్కుండానే ఇచ్చేశారని మురిసిపోయానండి. మీ బండికి ఇక్కడ పడున్న వేరే పాతది పెట్టేశానండి."

సంగతేమిటంటే, రంగు వేసేటప్పుడు ఆ లైటు అద్దం మీద చిన్న గీత పడింది. ఏం చేయాలని అతను ఫోన్ చేశాడు. చర్చిలో పాటల ప్రాక్టీసులో ఉన్న మాస్టారు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని, "లైట్ తీస్కో భయ్యా!" అన్నారు. మన హైదరాబాదులో ఆ మాటకు 'పోనీలే, పట్టించుకోకు' అని అర్థం. అమలాపురం నుంచి వచ్చినవాడికి లైటు తీసుకోమంటే తీసుకోమనే!

ఆ అరువు లైటుకు ఎర్త్ తీగ తగిలించే చోటే లేదు. తీగ గాల్లో వేలాడుతోంది. కరెంటు పాపం తిరిగి వెళ్ళే దారి దొరక్క పక్క లైట్లన్నిట్లోనూ దూరుతోంది. పైగా కుడి ఎడమ తీగలు తారుమారయ్యాయి. ఇద్దరూ కూర్చుని అసలు లైటును కారుకు బిగించారు, ఎర్త్ కలిపారు, తీగలు సరిచేశారు. పూనకం దిగిపోయింది!

శనివారం సాయంత్రం బెత్సీ కారు వెనక నిలబడి పరీక్ష పెట్టింది. "బ్రేకు తొక్కున్రి... ఔ. కుడి దిక్కు... ఔ. ఎడమ... ఔ. సరే, బండి ఉండనియ్యున్రి." మాస్టారు చిన్నపిల్లాడిలా సంబరపడ్డారు.

ఆదివారం చర్చి అయ్యాక ఇంటికి బయల్దేరారు. సందులోకి మలుపు వచ్చింది. మాస్టారు కుడి ఇండికేటరు వేశారు. కుడి ఇండికేటరే వెలిగింది. ఆయన స్టీరింగు ముందు కొట్టుకుంటున్న దాని బాణం గుర్తును మురిపెంగా చూసుకుని కుడివైపే తిరిగారు.

ధడేల్!

వెనక నుంచి కుడి పక్కగా దూసుకొచ్చిన బైకు కారు తలుపును గుద్దింది. ఎవరికీ ఏమీ కాలేదు. బైకు కుర్రాడు లేచి దులుపుకుని మాస్టారి మీదికొచ్చాడు.

"ఏంది అంకుల్ గిది? ఇండికేటర్ ఏసి, నిజంగనే తిరుగుతరా?"

"కుడికి వేసిన, కుడికే తిరిగిన గద బాబూ!"

"గదే అంటున్న! ఇండికేటర్ కొట్టుకుంటుంటే బంద్ చేసుడు మర్చిపోయిన్రు అనుకుంటం గని, తిరుగుతరని ఎవలనుకుంటరు?"

చుట్టూ జనం చేరారు. పాన్ డబ్బా ఆయన సావధానంగా ఇద్దరి మాటా విన్నాడు. "పోరడు చెప్పింది కరెక్టే సార్. తప్పు మీదే," అని తేల్చాడు. మిగతావాళ్ళు ఔనన్నారు.

మాస్టారు సొట్టపడ్డ తలుపు మీద చెయ్యి వేసి నిమిరారు. తాళంచెవి తీసి బెత్సీ చేతిలో పెట్టారు.

"మీ తమ్ముణ్ణి పిలువు బెత్సీ. కొనేటోణ్ణి తీస్కరమ్మను."

బెత్సీ తలుపును చూసింది, కుర్రాణ్ణి చూసింది, చుట్టూ ఉన్న జనాన్ని చూసింది. తాళంచెవి మళ్ళీ ఆయన చేతిలోనే కుక్కింది.

"అమ్ముడేంది! లైట్లు ఖరాబున్నప్పుడు ఒక్కడన్న మన మీదికొచ్చిండా? రేపు పొద్దుగాల్నే షెడ్డుకు పోయి, మునుపటి తీరుగ చెడగొట్టిచ్చుకు రాండ్రి!"